హైకోర్టు కొట్టేసిన చట్టాన్ని శాసనసభ మళ్ళీ బతికించగలదా?

2025 మార్చిలో తెలంగాణ శాసనసభ బీసీలకు 42 శాతం రిజర్వేషన్లు ఇస్తూ రెండు బిల్లులు ఆమోదించింది. ఒకటి విద్య, ఉద్యోగాలకు, రెండోది స్థానిక సంస్థలకు. రెండూ రాష్ట్రపతి ఆమోదం కోసం ఢిల్లీ వెళ్ళాయి. అక్కడ జాప్యం కావడంతో సెప్టెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం స్థానిక ఎన్నికల కోసం జీవో 9 జారీ చేసింది. అక్టోబరు 9న హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. వారం తిరిగేసరికి సుప్రీంకోర్టు కూడా ఆ స్టేలో జోక్యం చేసుకోబోమని చెప్పేసింది. బిల్లులు పెట్టిన నాటి నుంచీ వినిపిస్తున్న మాట ఆ స్టేతో మరింత గట్టిపడింది: "తొమ్మిదో షెడ్యూల్లో చేర్పించండి, ఇక కోర్టులు ముట్టుకోలేవు."

తొమ్మిదో షెడ్యూల్ అంటే కోర్టు సవాళ్ళ నుంచి కాపాడటానికి కొన్ని చట్టాల పేర్లు రాసి పెట్టే రాజ్యాంగంలోని జాబితా. దాన్ని కోర్టులు ముట్టుకోలేవన్న మాట 1951 నాటికి నిజం. 1973 తర్వాత సగమే నిజం. 2007 తర్వాత ఆ సగం కూడా లేదు. అయినా టీవీ చర్చల్లోనూ బహిరంగ సభల్లోనూ అది ఇప్పటికీ పాత రూపంలోనే తిరుగుతోంది. రిజర్వేషన్ కోసం ఎదురుచూసే కుటుంబానికీ, తన అవకాశం పోతోందని కోర్టుకెక్కిన కుటుంబానికీ ఈ లెక్క తేటగా తెలియాల్సిన అవసరం ఉంది. ఒక చట్టం చెల్లదని కోర్టు అన్నాక శాసనసభ చేతిలో ఏం మిగులుతుంది? పార్లమెంటు చేతిలో ఏం మిగులుతుంది? ఎవరి చేతికీ అందనిది ఏది?

మన దగ్గర ఈ చర్చ ఎప్పుడొచ్చినా శాసనసభ గొప్పదా, కోర్టు గొప్పదా అనే వాదులాటగా మారిపోతుంది. అక్కడ ఆగితే విషయం ఎప్పటికీ తెగదు. ముందు చూడాల్సింది ఆ తీర్పు ఏ నేల మీద నిలబడిందన్నది. మామూలు చట్టంలోని ఒక మాట మీద నిలబడిందా? రాజ్యాంగంలోని ఒక అధికరణం మీదా? లేక ఆ అధికరణాలన్నిటికీ కింద ఉన్న మౌలిక స్వరూపం, అంటే సవరణతో కూడా దెబ్బతియ్యకూడని పునాది సూత్రాల మీదా? తీర్పును ఎవరూ చెరిపెయ్యలేరు. అది నిలబడ్డ నేలను మాత్రం, అధికారం ఉన్నవాళ్ళు మార్చగలరు.

పన్ను కేసు చెప్పిన సూత్రం

అన్నిటికన్నా సులువైన సందర్భంతో మొదలుపెడదాం. గుజరాత్‌లోని భరూచ్ మునిసిపాలిటీ ఇళ్ళు, స్థలాల మీద పన్నును ఆస్తి మొత్తం విలువలో ఇంత శాతమని లెక్కగట్టి వేసింది. చట్టంలో ఉన్న మాట 'రేటు'. ఏటా వచ్చే అద్దె విలువను బట్టి వేసే పన్నునే 'రేటు' అంటారని అహ్మదాబాద్ మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆస్తి విలువ మీద వసూలు చేసిందంతా చెల్లనిదైపోయింది. అప్పుడు గుజరాత్ శాసనసభ 1963లో ఒక చట్టం చేసింది. మునిసిపాలిటీలు ఆస్తి విలువ మీద కూడా పన్ను వెయ్యవచ్చని, ఆ అధికారం పాత తేదీ నుంచే ఉన్నట్టు భావించాలని అందులో రాసింది. దాన్ని మిల్లు యజమానులు సవాలు చేశారు.

1969లో సుప్రీంకోర్టు పృథ్వీ కాటన్ మిల్స్ కేసులో ఆ చట్టం చెల్లుతుందంది. అలా అంటూ పెట్టిన షరతే ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి. 'ఫలానా తీర్పు మాకు వర్తించదు' అని శాసనసభ ప్రకటిస్తే కుదరదు. తీర్పు దేని ఆధారంగా వచ్చిందో ఆ ఆధారమే మారిపోవాలి. మారిన చట్టాన్ని చేతికిచ్చి మళ్ళీ అడిగితే అదే కోర్టు అదే తీర్పు ఇవ్వలేనంతగా మారాలి. గుజరాత్ శాసనసభ చేసింది అదే. 'రేటు' అనే మాటకున్న ఇరుకును విప్పింది. మునిసిపల్ పన్ను మీద చట్టం చేసే అధికారం దానికి మొదటి నుంచీ ఉంది కాబట్టి తప్పు పట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఇలాంటి చట్టాలను వ్యాలిడేషన్ చట్టాలంటారు. పన్నులు, సర్వీసు నిబంధనలు, భూసేకరణ, ఇలా ప్రతి రాష్ట్రంలోనూ కనిపిస్తాయి. వీటిలో అక్రమమేమీ లేదు. కోర్టు ఒక లోపం చూపిస్తే శాసనసభ దాన్ని సరిదిద్దుకుంటుంది, అంతే.

లోపాన్ని ముట్టుకోకుండా ఫలితాన్ని మాత్రం తిప్పెయ్యాలని చూసినప్పుడు గొడవ వస్తుంది. ఎమర్జెన్సీ కాలంలో ఎల్ఐసీ ఉద్యోగుల బోనస్ విషయంలో అదే జరిగింది. యాజమాన్యం ఒప్పందం ప్రకారం బోనస్ చెల్లించాలని కలకత్తా హైకోర్టు ఆదేశిస్తే, ఆ ఒప్పందంలోని బోనస్ భాగాన్ని తీసేస్తూ 1976లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం వచ్చింది కదా అని ఎల్ఐసీ తన అప్పీలు కూడా వెనక్కి తీసుకుంది. 1978లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఉద్యోగుల చేతిలో హైకోర్టు ఉత్తర్వు చెక్కుచెదరకుండా మిగిలింది.

నీళ్ళ తగాదాల్లో ఇంకా సూటిగా జరిగింది. కేరళ, తమిళనాడు తగాదా పడే ముల్లపెరియార్ డ్యాంలో 142 అడుగుల దాకా నీళ్ళు నిలపవచ్చని సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరిలో చెబితే, మార్చిలోనే కేరళ శాసనసభ 136 అడుగులు దాటకూడదని చట్టం చేసింది. డ్యాం గట్టిగా ఉందని కోర్టు వాస్తవాలను పరిశీలించి తేల్చాక, లేదు, గట్టిగా లేదని శాసనసభ చేతులెత్తి తేల్చడం కుదరదని 2014 మే 7న ఐదుగురి ధర్మాసనం ఆ చట్టాన్ని పక్కన పెట్టింది. కృష్ణా, గోదావరి నీళ్ళ మీద రెండు రాష్ట్రాలుగా నిలబడి ఉన్న మనం గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది. ఇద్దరి తగాదాలో ఒకరు తమ శాసనసభలో తీర్పు రాసుకోవడానికి వీల్లేదు.

ఒకే కేసులో రెండు దారులు

ఈ తేడా ఎంత సన్ననిదో, ఎంత పెద్దదో తెలియాలంటే ఇందిరాగాంధీ ఎన్నిక కేసును మించింది లేదు. 1971లో రాయ్‌బరేలీలో ఆమె రాజ్ నారాయణ్‌ను లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. ప్రభుత్వోద్యోగి యశ్‌పాల్ కపూర్ సేవలను ఎన్నికల పనికి వాడుకున్నారని, వేదికలు కట్టించడానికీ మైకులకు కరెంటు ఇప్పించడానికీ అధికారులను వినియోగించారని 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆ ఎన్నికను రద్దు చేశారు. పదమూడు రోజుల్లో ఎమర్జెన్సీ వచ్చింది.

ఆ తర్వాత పార్లమెంటు రెండు పనులు చేసింది. చాలామంది ఈ రెంటినీ కలిపేసి చెబుతారు కానీ విడదీసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మొదటిది మామూలు చట్టం. ఎన్నికల చట్టాన్ని పాత తేదీ నుంచి వర్తించేలా సవరించారు. ఎవరు ఎప్పటి నుంచి 'అభ్యర్థి' అవుతారు, ఉద్యోగి రాజీనామా ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చినట్టు, అధికారులు తమ విధిలో భాగంగా చేసే ఏర్పాట్లు అభ్యర్థికి చేసిన సాయం కిందికి వస్తాయా అన్న నిర్వచనాలను మార్చారు. రెండోది 39వ రాజ్యాంగ సవరణ. 1975 ఆగస్టు 10న అమల్లోకి వచ్చింది. అది 329ఎ అనే కొత్త అధికరణాన్ని తెచ్చింది. అందులో నాలుగో క్లాజు సారాంశం ఇది: ప్రధాని ఎన్నికకు పాత ఎన్నికల చట్టాలేవీ వర్తించవు, ఆ ఎన్నిక చెల్లుతుంది, దాన్ని రద్దు చేసిన హైకోర్టు తీర్పు చెల్లదు.

1975 నవంబరు 7న సుప్రీంకోర్టు ఏం చేసిందో చూడండి. నాలుగో క్లాజును కొట్టేసింది. ఏ చట్టాన్నీ వర్తింపజేయకుండా ఒక్క వ్యక్తి కేసును పార్లమెంటే తేల్చెయ్యడం చట్టం చెయ్యడం కిందికి రాదంది. అదే రోజు, అదే తీర్పులో, సవరించిన ఎన్నికల చట్టం చెల్లుతుందని చెప్పి, ఆ కొత్త నిర్వచనాల ప్రకారం ఇందిరాగాంధీ ఎన్నికను నిలబెట్టింది. అంటే రాజ్యాంగ సవరణ అంతటి ఆయుధం విరిగిపోయింది, మామూలు చట్టం పనిచేసింది. ఒకటి తీర్పు మీద చెయ్యి వేసింది, మరొకటి తీర్పు కింది నేలను మార్చింది.

ఒక్క మనిషికి పనికొచ్చేలా, అదీ ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉన్న సమయంలో, పాత తేదీతో చట్టం మార్చడాన్ని కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోవడం నా మనసుకు ఇప్పటికీ ఎక్కదు. సూత్రం సరైనదే కావచ్చు, దాన్ని ఆ రోజు వాడిన తీరు మాత్రం న్యాయంగా లేదు. నేలను మార్చే అధికారం కూడా దుర్వినియోగం కాగలదని ఆ కేసు చూపించింది.

మన ట్రిబ్యునల్ కథ

ఇందులో తెలుగువాళ్ళ సొంత అధ్యాయం ఒకటుంది. న్యాయవాదులకు తప్ప బయట పెద్దగా తెలియదు, తెలియాలి.

తెలంగాణ ఉద్యోగాలను స్థానికులకే పరిమితం చేసే ముల్కీ నిబంధనలు 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుతో నిలబడ్డాక, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్ని అమలు చెయ్యడానికి 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371డి అధికరణం వచ్చింది. ఉద్యోగుల నియామకాలు, సీనియారిటీ, ప్రమోషన్ల తగాదాలను హైకోర్టు నుంచి తప్పించి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు అప్పగించారు. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ అందులో ఐదో క్లాజు ఒకటి పెట్టారు. ట్రిబ్యునల్ ఇచ్చిన తుది ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరిస్తేనో, మూడు నెలలు గడిస్తేనో అమల్లోకి వస్తుంది. ఈలోగా ప్రభుత్వం కారణాలు రాసి ఆ ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు కూడా చెయ్యవచ్చు.

ఇది ఒక గుమాస్తా జీవితంలో ఎలా ఉంటుందో ఊహించండి. తనకు రావాల్సిన ప్రమోషన్ రాలేదని ప్రభుత్వం మీద కేసు వేస్తాడు. ఏళ్ళ తరబడి తిరిగి గెలుస్తాడు. ఓడిపోయిన పక్షం, అంటే ప్రభుత్వం, ఆ గెలుపు కాగితం తీసుకుని 'ఇది రద్దు' అని రాయగలదు. ప్రతివాదే పైకోర్టు అయినట్టు.

1986 డిసెంబరు 20న పి. సాంబమూర్తి కేసులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం ఆ క్లాజును కొట్టేసింది. అది మామూలు జీవో కాదు, రాజ్యాంగంలోనే రాసి ఉన్న వాక్యం. అయినా నిలబడలేదు. ప్రభుత్వం కూడా చట్టానికి లోబడాలన్నది రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని, కేసులో కక్షిదారుగా ఉన్న ప్రభుత్వమే తీర్పును తిప్పేస్తే ఆ మాటకు అర్థం ఉండదని కోర్టు చెప్పింది.

కథ అక్కడితో ఆగలేదు. ట్రిబ్యునళ్ళు పెట్టి హైకోర్టు అధికారాన్ని పూర్తిగా తీసెయ్యడం అసలు చెల్లుతుందా అన్న ప్రశ్న మీద 1993లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ సకినాల హరినాథ్ కేసులో చెల్లదంది. రాజ్యాంగ సవరణతో వచ్చిన నిబంధనను ఒక హైకోర్టు కొట్టెయ్యడం సాహసమే. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో ఏడుగురి ధర్మాసనం ఆ నిర్ణయాన్ని సమర్థించింది. 226 అధికరణం కింద హైకోర్టుకున్న సమీక్షాధికారం మౌలిక స్వరూపంలో భాగమని, పార్లమెంటు కూడా దాన్ని తీసెయ్యలేదని తేల్చింది. ఈ రోజు దేశంలో ఏ ట్రిబ్యునల్ ఉత్తర్వు మీదైనా హైకోర్టు గడప తొక్కే వీలుందంటే అందులో హైదరాబాద్ హైకోర్టు వాటా ఉంది.

తాళం వేసిన అల్మారా

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. తీర్పు ప్రాథమిక హక్కు మీద నిలబడితే ఏమవుతుంది?

హక్కులను హరించే చట్టం ఏదీ చెయ్యకూడదని 13వ అధికరణం చెబుతోంది. కాబట్టి హక్కుల కారణంగా కొట్టేసిన చట్టాన్ని శాసనసభ మళ్ళీ అదే రూపంలో చెయ్యలేదు. నేలే రాజ్యాంగం కాబట్టి రాజ్యాంగాన్ని మార్చాలి. అది పార్లమెంటు పని. సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండు వంతులు కావాలి. కొన్ని అధికరణాలకైతే సగం రాష్ట్రాల ఆమోదం కూడా.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరలోనే ఈ పని జరిగింది. మద్రాసు రాష్ట్రంలో కమ్యూనల్ జీవో ఉండేది. మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. చంపకం దొరైరాజన్ వేసిన రిట్ మీద మద్రాసు హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రెండున్నర నెలలు తిరక్కుండా జూన్ 18న మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4)ను చేర్చింది. వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యవచ్చని అది చెబుతుంది. ఈ రోజు మన పిల్లలు కాలేజీల్లో పొందుతున్న రిజర్వేషన్లకు తల్లివేరు అదే. తీర్పును తిట్టకుండా, తీర్పు నిలబడ్డ అధికరణానికే ఒక కొత్త ఉపవాక్యం కలిపారు. ఇంత శుభ్రంగా జరిగిన ఉదాహరణ మళ్ళీ దొరకడం కష్టం.

అదే సవరణలో ఇంకో పని కూడా జరిగింది, అది ఇంత శుభ్రం కాదు. 1951 మార్చి 12న పట్నా హైకోర్టు బీహార్ జమీందారీ రద్దు చట్టాన్ని కొట్టేసింది. పెద్ద జమీందారుకు తక్కువ రెట్లు, చిన్న జమీందారుకు ఎక్కువ రెట్లు పరిహారం ఇవ్వడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది. ఇలాంటి భూసంస్కరణ చట్టాలను అలహాబాద్, నాగపూర్ హైకోర్టులు సమర్థించాయి. అయినా పార్లమెంటు ఆగలేదు. 31బి అధికరణాన్నీ, దానితోపాటు తొమ్మిదో షెడ్యూల్‌నూ తెచ్చింది. ఆ జాబితాలో ఏ చట్టం పేరు రాస్తే దాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో సవాలు చెయ్యడానికి వీల్లేదు. కోర్టు అప్పటికే కొట్టేసినా సరే, అది బతికే ఉన్నట్టు. మొదట 13 చట్టాలు. తర్వాత తర్వాత 280 దాటాయి. దున్నేవాడికి భూమి దక్కాలన్న కోరిక ఎంత న్యాయమైనదో, తాళం వేసి కోర్టును బయట నిలబెట్టే ఈ అల్మారా అంత ప్రమాదకరమైనది. భూమి కోసం చేసిన అల్మారాలో తర్వాత భూమితో సంబంధం లేనివి కూడా వచ్చి చేరాయి.

దీనికి మొదట అడ్డం నిలబడింది రాజమహేంద్రవరం మనిషి. గుంటూరులో 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆయన, ఆయనతో ఏకీభవించిన మరో ఐదుగురు ఇచ్చిన తీర్పు ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించలేదంది. మిగతా ఐదుగురు కాదన్నారు. పార్లమెంటు 1971లో 24వ సవరణతో ఆ తీర్పు నిలబడ్డ నేలను మార్చింది. ఆ సవరణను పరీక్షించడానికి పదమూడుగురు కూర్చున్నారు. కాసరగోడ్ దగ్గరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి వేసిన కేసు అది. 1973 ఏప్రిల్ 24న ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. 24వ సవరణ చెల్లుతుంది, పార్లమెంటు ఏ అధికరణాన్నైనా సవరించవచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని దెబ్బతియ్యకూడదు. ఆ ఏడుగురిలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన పి. జగన్‌మోహన్ రెడ్డి ఒకరు.

ఎమర్జెన్సీలో 42వ సవరణ ఈ గోడను కూల్చాలని చూసింది. రాజ్యాంగ సవరణలను ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని రాసింది. హైకోర్టులకైతే ఇంకా గట్టి దెబ్బ. కేంద్ర చట్టాల రాజ్యాంగబద్ధతను అవి చూడకూడదని 226ఎ, రాష్ట్ర చట్టాన్ని కొట్టెయ్యాలంటే కనీసం ఐదుగురు కూర్చుని మూడింట రెండు వంతుల మెజారిటీ సాధించాలని 228ఎ. జనతా ప్రభుత్వం 43వ సవరణతో ఆ రెండిటినీ తీసేసింది. సవరణలకు ఇచ్చిన రక్షణను 1980లో మినర్వా మిల్స్ తీర్పు తుడిచిపెట్టింది.

మరి తొమ్మిదో షెడ్యూల్? 2007 జనవరి 11న ఐ.ఆర్. కొయెల్హో కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో తేల్చారు. 1973 ఏప్రిల్ 24 తర్వాత ఆ షెడ్యూల్లోకి వెళ్ళిన ఏ చట్టాన్నైనా మౌలిక స్వరూపం గీటురాయి మీద పరీక్షించవచ్చు. అల్మారా ఉంది, తాళం పోయింది.

మన రిజర్వేషన్ తీర్పులు

రాష్ట్ర శాసనసభ చేతిలో ఏముందో, ఏం లేదో మన రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో ఇచ్చింది. బీసీ కమిషన్‌ను సంప్రదించలేదని హైకోర్టు కొట్టేసింది. కమిషన్ నివేదిక తెప్పించి 2005లో చట్టం చేస్తే, ఆ అధ్యయనం చాలదని మళ్ళీ కొట్టేసింది. 2007లో మొత్తం మతాన్ని కాకుండా వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి బీసీ-ఇ పేరుతో 4 శాతానికి తగ్గించి మరో చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురి ధర్మాసనం 5-2 మెజారిటీతో దాన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే ఆ 4 శాతం కొనసాగుతూ వచ్చింది. ఈ రిజర్వేషన్ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కానీ, ఇక్కడ శాసనసభ కోర్టును ధిక్కరించలేదు. కోర్టు చూపిన లోపాన్ని ప్రతిసారీ సరిదిద్దే ప్రయత్నం చేసింది. ఆ పని చేసే అధికారం దానికి ఉంది.

ఎస్సీ వర్గీకరణ కథ వేరు. 15 శాతాన్ని ఎ, బి, సి, డి గ్రూపులకు 1, 7, 6, 1గా పంచుతూ 1997లో ఇచ్చిన ఉత్తర్వులను జాతీయ కమిషన్‌ను సంప్రదించలేదని హైకోర్టు కొట్టేస్తే, 2000లో శాసనసభ చట్టం చేసింది. హైకోర్టు ఒప్పుకుంది. కానీ 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు అసలు ఎస్సీలను విడదీసే అధికారమే శాసనసభకు లేదంది. ఇక అసెంబ్లీ ఎంత బాగా చట్టం రాసినా లాభం లేదు. లోపం రాతలో లేదు, అధికారంలో ఉంది. తీర్మానాలు జరిగాయి, దీక్షలు జరిగాయి, పార్లమెంటు కదలలేదు. చివరికి 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం 6-1తో చిన్నయ్య తీర్పే తప్పని చెప్పింది. ఈ ఇరవై ఏళ్ళలో డిగ్రీలు చేతపట్టుకుని వయసు దాటిపోయిన మాదిగ, రెల్లి యువకుల గురించి ఆలోచిస్తే, కోర్టు తన తప్పును తానే దిద్దుకునే దారి ఎంత నెమ్మదిదో తెలుస్తుంది. ఆ దారి ఉందని మాత్రం మరిచిపోకూడదు. శాసనసభ 2000లో అన్నది సరైనదేనని 2024లో ఒప్పుకున్నదీ కోర్టే.

అమరావతి విషయంలోనూ ఇదే గీత కనిపిస్తుంది. కేసు నడుస్తుండగానే 2021 నవంబరులో మూడు రాజధానుల చట్టాలను శాసనసభ రద్దు చేసుకుంది. తన చట్టాన్ని తాను తీసేసుకునే హక్కు దానికెప్పుడూ ఉంటుంది. 2022 మార్చి 3న హైకోర్టు రాజధానిని మార్చే శాసనాధికారమే రాష్ట్రానికి లేదన్నప్పుడు అసెంబ్లీలో అంత కోపం రావడానికి కారణం, ఆ తీర్పు చట్టంలో లోపం గురించి కాక సభ అధికారం గురించి కావడమే.

ఓటుతో తీర్పును దాటే సూటి దారి కొన్ని దేశాల్లో ఉంది. కెనడా హక్కుల పత్రంలో 33వ సెక్షన్ ప్రకారం పార్లమెంటు గానీ రాష్ట్ర శాసనసభ గానీ మామూలు మెజారిటీతో 'కొన్ని హక్కులకు విరుద్ధమైనా ఈ చట్టం అమలవుతుంది' అని రాసుకోవచ్చు. ఐదేళ్ళకోసారి పునరుద్ధరించాలి. ఆ ఐదేళ్ళలో ఎన్నిక వస్తుంది, ప్రజలు తేలుస్తారన్నది వాళ్ళ ఆలోచన. 1988లో దుకాణాల బోర్డుల భాష మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వెంటనే క్యుబెక్ దాన్ని వాడుకుంది. ఇజ్రాయెల్‌లో 2023లో 120 మంది సభలో 61 ఓట్లతో సుప్రీంకోర్టు తీర్పును దాటే అధికారం కావాలని ప్రభుత్వం ప్రతిపాదిస్తే నెలల తరబడి జనం వీధుల్లో నిలబడ్డారు. లిఖిత రాజ్యాంగమే లేని చోట కోర్టు ఒక్కటే అడ్డుకట్ట అని వాళ్ళ భయం.

మనకు అలాంటి సెక్షన్ ఎందుకు లేదంటే, నా లెక్కలో, అవసరం రాలేదు. కెనడాలో రాజ్యాంగాన్ని మార్చడం చాలా కష్టం, మన దగ్గర వందకు పైగా సార్లు మార్చాం. మార్చడం ఇంత సులువైన చోట మౌలిక స్వరూపం అనే కంచె లేకపోతే 1975 నాటి నాలుగో క్లాజును ఆ రోజు కోర్టు ఆపగలిగేది కాదు.

ఇక 42 శాతం దగ్గరికి. తమిళనాడు 69 శాతం చట్టాన్ని 1994లో 76వ సవరణ ద్వారా తొమ్మిదో షెడ్యూల్లో చేర్చారు, అందుకే అందరూ ఆ పేరు చెబుతారు. కానీ అది 1973 తర్వాత చేరిన చట్టం, కొయెల్హో పరీక్ష దానికీ వర్తిస్తుంది. బీహార్ 65 శాతం చట్టాన్ని 2024 జూన్ 20న పట్నా హైకోర్టు కొట్టేసింది. స్థానిక సంస్థలకైతే 2010 నాటి కృష్ణమూర్తి తీర్పు, 2021 నాటి గవళీ తీర్పు మూడు షరతులు పెట్టాయి. ప్రత్యేక కమిషన్ అధ్యయనం చెయ్యాలి, ఏ స్థానిక సంస్థలో ఎంతో విడివిడిగా తేల్చాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు కలిపి మొత్తం 50 శాతం దాటకూడదు. మొదటి రెండూ రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. మూడోదాన్ని రాష్ట్ర శాసనసభ ఎన్ని చట్టాలతోనూ దాటలేదు. దాన్ని దాటాలంటే పార్లమెంటు అధికరణాన్ని మార్చాలి, లేదా పెద్ద ధర్మాసనం 50 శాతం గీతను తిరిగి చూడాలి. అగ్రవర్ణ పేదల 10 శాతాన్ని 103వ సవరణ తర్వాత 2022 నవంబరు 7న 3-2తో సుప్రీంకోర్టు ఒప్పుకున్నప్పుడు ఆ గీత మరీ ఉక్కుగీత కాదని కొందరు న్యాయమూర్తులే అన్నారు. ఆ మాటను పట్టుకుని వాదించడానికి హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్ళే ఫైలులో ఉండాల్సింది షెడ్యూల్ కోసం చేసిన తీర్మానం కాపీ కాదు, మండలాల వారీగా, కులాల వారీగా లెక్కలు.